లేహ్‌లో విమానం దిగితే సరిపోదు, ఒళ్లు కూడా దిగాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో లద్దాఖ్ మీద వేసిన రెండు పేజీలు చదివాను. ఫోటోలు బాగున్నాయి, పాంగాంగ్ సరస్సు నీలం చూసి మా ఆవిడ మళ్లీ వెళ్దామా అని కూడా అంది. కానీ ఆ వ్యాసం కింద బాక్సు కట్టి ఇచ్చిన 'నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు' ప్రోగ్రాం చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి రోజు విమానంలో లేహ్, రెండో రోజు ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ, మూడో రోజు పాంగాంగ్ ఒడ్డున టెంట్లలో బస. అచ్చం ఇదే ప్రోగ్రాంలో పోయిన జూన్‌లో మా బావని దక్కించుకోవడమే గగనమైపోయింది.

ముందుగా నా గురించి ఒక ముక్క. ముప్పై రెండేళ్లు ఇంటర్ సెకండియర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. గుండె బొమ్మ కళ్లు మూసుకుని వేస్తాను. 'ధమని అయి ఉండి ఆక్సిజన్ లేని రక్తం మోసేది ఏది?' అన్న ఒక మార్కు ప్రశ్న ఎన్ని వందల సార్లు ఇచ్చి ఉంటానో లెక్కే లేదు. పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం మోసే నాళం) అని పిల్లలు టకటకా రాసేవాళ్లు, నేను టకటకా మార్కు వేసేవాణ్ని. ఆ పుపుస ధమనే ఒక రాత్రి మా ఇంటి మనిషి ఊపిరితిత్తుల్ని నీళ్లతో నింపేస్తుందని నాకు తట్టలేదు చూడండి, అదీ నా చదువు.

మేం ఆరుగురం వెళ్లాం. అక్క, బావ, నేను, మా ఆవిడ, మా అమ్మాయి, అల్లుడు. బావకి అరవై మూడు. రోజూ తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట మీద ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి, షుగర్ లేదు, బీపీ లేదు. నాకేమో మోకాళ్ల నొప్పులు. అందరి బెంగా నా గురించే. రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి, ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కుర్చీల మీద కునికి, తెల్లారగట్ల ఇంకో విమానం పట్టుకుంటే గంటంపావుకల్లా లేహ్. ఢిల్లీ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు, లేహ్ 3,500. విమానం లోపల గాలిని ఒత్తిడి పెట్టి ఉంచుతారు కాబట్టి దారిలో ఏమీ తెలీదు, తలుపు తీశాకే అసలు ఎత్తులోకి అడుగు పెడతాం. మా అమ్మాయి సంచిలో పెట్టుకొచ్చిన చిప్స్ ప్యాకెట్లు పగిలిపోతాయేమో అన్నంతగా ఉబ్బిపోయాయి. అందరం నవ్వాం, ఫోటో కూడా తీశాం. బయట గాలి ఎంత పల్చబడితే లోపలి గాలి అంత ఉబ్బుతుందో ఆ ప్యాకెట్టు చెబుతూనే ఉంది, మేమే వినిపించుకోలేదు.

అక్కడ ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా ఒకటే, దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో అది సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండొంతులు, 5,500 మీటర్లకి పోతే సగం. ఒత్తిడి తగ్గితే ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ని నెట్టే బలం తగ్గుతుంది. మెడలో తలకి రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత ముక్క ఒకటి ఉంటుంది, ఈ సంగతి ముందుగా పసిగట్టేది అదే. క్షణాల్లో పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది, గుండెని తొందర పెడుతుంది. దిగిన గంటకి హోటల్ గదిలో కూర్చునే ఉన్నా నా నాడి 96 కొట్టింది, ఇంట్లో 72 ఉండేది. ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తాన్ని ఎక్కువ సార్లు తిప్పి లోటు పూడ్చడం, మొదటి రెండు మూడు రోజులు గుండె చేసే పని ఇది. బండి నిండా సరుకు పట్టనప్పుడు ట్రిప్పులు పెంచుతాం కదా, అలా.

తర్వాతది మూత్రం సంగతి. లేహ్ మొదటి రాత్రి నేను నాలుగుసార్లు లేచాను, ఆ చలిలో విసుగొచ్చి తిట్టుకున్నాను కూడా. నిజానికి అది ఒళ్లు సర్దుకుంటోందనడానికి గుర్తు. రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, మొదటి కొన్ని రోజుల్లో పది నుంచి ఇరవై శాతం దాకా తగ్గిపోతుంది. కణాలు అన్నే ఉంటాయి, నీళ్లు తగ్గుతాయి, పులుసు పొయ్యి మీద మరిగి చిక్కబడినట్టు రక్తం చిక్కబడుతుంది. అందుకని రెండు మూడు రోజులకే హీమోగ్లోబిన్ పరీక్ష చేస్తే పెరిగినట్టు కనిపిస్తుంది, 'చూశావా, కొండెక్కగానే కొత్త రక్తం పుట్టింది' అని సంబరపడేవాళ్లున్నారు. కొత్త రక్తానికి మూత్రపిండాలు కబురు పంపడం కొన్ని గంటల్లోనే మొదలవుతుంది కానీ ఆ కబురందుకుని ఎముక మజ్జ లెక్కలోకి వచ్చేంత ఎర్ర కణాలు తయారు చేయడానికి వారాలు పడుతుంది. మన ప్యాకేజీ ఐదు రోజులు.

ఈ మూత్రంలోనే ఇంకో పని జరుగుతుంది. ఊపిరి వేగంగా తీసేసరికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది, అప్పుడు మెదడు 'ఇక చాలు, నెమ్మదించు' అని ఊపిరికి పగ్గం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బనేట్‌ అనే క్షారాన్ని బయటికి పంపి ఆ పగ్గం వదులు చేయాలి, దానికి కొన్ని రోజులు కావాలి. డాక్టర్లు రాసిచ్చే డయామాక్స్ మాత్ర చేసేది ఈ పనిని తొందర చేయడమే. అది వేసుకుంటే వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి. మాకు ఆ మాత్ర సంగతి ఎవరూ చెప్పలేదు. ఏజెంటు ఆధార్ కాపీలు అడిగాడు, పాన్ అడిగాడు, మా ఆరోగ్యానికి మేమే పూచీ అని కాగితం మీద సంతకాలు తీసుకున్నాడు, చిన్న గుడ్డ మూటలో కర్పూరం కట్టి ఇచ్చాడు. కర్పూరం పీలిస్తే ముక్కు చల్లగా తెరుచుకున్నట్టుంటుంది నిజమే, దానివల్ల గాలిలో ఒక్క చుక్క ఆక్సిజన్ పెరగదు. దుకాణాల్లో అమ్మే ఆ చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా కొన్ని నిమిషాల ముచ్చటే.

సరే, మొదటి రాత్రికి తిరిగొస్తా. అందరికీ తలనొప్పి. ఆక్సిజన్ తగ్గితే మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి, కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఇరుకవుతాయి, ఈ రెండింటి గుంజులాటలో మొదటి రోజుల్లో వెడల్పుదే పైచేయి, మెదడుకి మామూలుకంటే ఎక్కువ రక్తం వెళ్తుంది. తలనొప్పికి ఇదొక కారణం. నిద్రలో ఇంకో చిత్రం, ఊపిరి నాలుగైదు సార్లు గట్టిగా తీసి, పది సెకన్లు ఆగిపోయి, మళ్లీ ఉలిక్కిపడినట్టు తీస్తాం. అక్క రాత్రంతా బావ పక్కన కూర్చుని ఆగిన ఊపిరి లెక్కపెట్టిందట. పొద్దున చెప్పి ఏడ్చింది. బావేమో 'గురక పెట్టినా గోలే, పెట్టకపోయినా గోలేనా' అని ఎగతాళి. ఆ ఎత్తులో అలా ఆగడం మామూలే, చాలామందికి జరుగుతుంది, దానికి భయపడక్కర్లేదు. నిద్రమాత్ర వేసుకున్నా, చలి కదా అని మందు పుచ్చుకున్నా మాత్రం ఆ ఊపిరి ఇంకా మందగిస్తుంది.

కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు మా ఆవిడ సంచిలో వేసింది. అప్పట్లో 94 కిందికి పడితే ఆస్పత్రికి పరుగెత్తమన్నారు కదా, లేహ్‌లో నా వేలికి పెడితే 88. గుండె గుభేల్‌మంది. హోటల్ కుర్రాడు చూసి నవ్వి, 'సార్, ఇక్కడ అందరికీ అంతే' అన్నాడు. నిజమే, 3,500 మీటర్ల ఎత్తులో కొత్తగా వచ్చినవాళ్లకి 85 నుంచి 92 మధ్య ఉండటం మామూలు. బావకి 84. కాస్త తక్కువే, కానీ అందరికీ తక్కువే కదా అని తేలిగ్గా తీసుకున్నాం.

రెండో రోజు పొద్దున్నే ఖర్దుంగ్ లా. బోర్డు మీద ఏళ్ల తరబడి 18 వేల అడుగుల పైన అని రాసి ఉండేది, కొలిస్తే 5,359 మీటర్లు, అంటే పదిహేడున్నర వేల అడుగుల పైచిలుకు. అదైనా తక్కువేం కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఎంత ఎత్తైన కొండ తీసుకున్నా 1,700 మీటర్లు దాటదు, తిరుమల తొమ్మిది వందల లోపే. మనకి ఎత్తంటే మెట్లు, చెమట, గోవింద నామం. ఒళ్లు ఎరగని ఎత్తు ఇది. బావ బోర్డు దగ్గర ఫోటో కోసం పరుగెత్తాడు. నేను మోకాళ్ల నొప్పితో కారు దిగి నాలుగడుగులు వేసి మళ్లీ ఎక్కి కూర్చున్నాను. ఆ మోకాళ్లే నన్ను కాపాడాయని అక్క ఇప్పటికీ అంటుంది.

అరగంట పాటు ఆ కనుమ మీద ఉండటం కంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామన్నదే అసలు లెక్క. నుబ్రాలో హుందర్ 3,100 మీటర్లు, లేహ్ కంటే తక్కువే, ఆ రాత్రి హాయిగా పడుకున్నాం. మర్నాడు పాంగాంగ్. 4,200 మీటర్ల పైన. అంటే ఒక్క రోజులో పడక ఎత్తు వెయ్యి మీటర్లకు పైగా పెరిగింది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి ఐదు వందల మీటర్లకంటే పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి అని కొండ వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. మేం ఒక్క రాత్రిలో రెండు రోజుల కోటా మింగేశాం.

సాయంత్రం నుంచే బావకి పొడి దగ్గు. టెంటు నుంచి బాత్రూం దాకా నడిచి వచ్చి పావుగంట ఆయాసపడ్డాడు. నాకప్పుడే తెలియాలి. రాత్రి ఒంటిగంటకి అక్క మా టెంటు గుడ్డ మీద కొడుతూ 'ఒరేయ్, మీ బావ పడుకోలేకపోతున్నాడురా' అంది. వెళ్తే మంచం మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి లాగుతున్నాడు, పెదాలు నేరేడు పండు రంగు, ఛాతీలో గురగుర నా చెవికి మామూలుగానే వినిపిస్తోంది. ఆక్సీమీటరులో 61. నన్ను చూసి 'నాకేం కాలేదురా, చలి' అన్నాడు. మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగాడు.

లోపల జరిగింది ఇదీ. ఊపిరితిత్తుల్లో ఒక మూల గాలి సరిగ్గా అందకపోతే ఆ మూలకి వెళ్లే రక్తనాళం ముడుచుకుంటుంది, రక్తాన్ని గాలి బాగా ఉన్న వైపు మళ్లిస్తుంది. మంచి ఏర్పాటే. న్యుమోనియా వచ్చినప్పుడు మనల్ని కాపాడేదీ ఇదే. స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లోనే పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో దీన్ని చూపించారు. కానీ ఎత్తుకి పోతే ఊపిరితిత్తి మొత్తంలో ఆక్సిజన్ తక్కువే కదా, మళ్లించడానికి మంచి మూల ఏది? అన్ని నాళాలూ ముడుచుకుంటాయి, పుపుస ధమనిలో ఒత్తిడి పెరుగుతుంది. కొందరిలో ఇది మరీ ఎక్కువగా, అదీ ఎగుడుదిగుడుగా జరుగుతుంది. కొన్ని నాళాలు గట్టిగా మూసుకుంటే మిగిలిన వాటి మీదికి రక్తమంతా తోసుకొస్తుంది, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని గోడలు ఆ ఒత్తిడికి ఆగలేక కారిపోతాయి. గాలి ఉండాల్సిన గదుల్లోకి నీరు చేరుతుంది. ఊరికే ఉన్నా ప్రమాదమే, పరుగెత్తితే గుండె ఇంకా రక్తం తోస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. గుండె జబ్బు లేదు, ఊపిరితిత్తి జబ్బు లేదు, రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి. వాకింగ్‌కీ దీనికీ సంబంధం లేదు, ఎవరి నాళాలు ఎలా ముడుచుకుంటాయో ముందే చెప్పే పరీక్ష మన ఊళ్లో ఏ ల్యాబ్‌లోనూ చేయరు.

అసలు మందు రెండే, ఆక్సిజన్, కిందికి దిగడం. అయితే పాంగాంగ్ నుంచి లేహ్‌కి పోవాలంటే మధ్యలో చాంగ్ లా కనుమ ఉంది, 5,300 మీటర్ల పైన. దిగడానికి ముందు వెయ్యి మీటర్లు ఎక్కాలన్నమాట! ఏజెంటు కాగితంలో ఈ మాట లేదు. మమ్మల్ని కాపాడింది డ్రైవర్. లద్దాఖీ కుర్రాడు, ఇరవై ఐదేళ్లుంటాయి, బావ పెదాలు చూడగానే ఏం మాట్లాడకుండా కారు స్టార్ట్ చేశాడు, కనుమ వైపు కాకుండా ముందు కింద ఊళ్లో ఉన్న చిన్న ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ తెల్లారేదాకా ఆక్సిజన్ పెట్టి, ఒక మాత్ర కూడా ఇచ్చారు. తర్వాత పేరు చూస్తే నిఫెడిపిన్, మనకి బీపీ మందుగా తెలిసిందే, ఇక్కడ పుపుస ధమనిలో ఒత్తిడి దించడానికి వాడతారు. పొద్దున సిలిండర్ పెట్టుకునే చాంగ్ లా దాటాం. లేహ్ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా దూదిపింజల్లా తెల్లటి మచ్చలు. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచి ఢిల్లీ విమానం ఎక్కించారు. ఢిల్లీలో దిగి మర్నాడు పొద్దున ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు మహానుభావుడు. ఈ జబ్బు అంతే, టైంకి దిగితే అంత తొందరగానూ పోతుంది, దిగకపోతే గంటల్లో మనిషిని తీసుకుపోతుంది.

ఇదంతా ఎవరికీ తెలియని రహస్యమైతే నేను ఇంత రాయను. మన దేశంలోనే తెలిసిన విషయం ఇది. 1962 చైనా యుద్ధం రోజుల్లో మైదానాల్లో ఉన్న జవాన్లని ఉన్నట్టుండి హిమాలయాల మీదికి తరలిస్తే చాలామంది తూటా తగలకుండానే పడిపోయారు. వాళ్లకి వైద్యం చేసిన సైనిక డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవాన్ల కేసులు పరిశీలించి 1969లో అమెరికా వైద్య పత్రికలో అచ్చు వేయించారు. ఈ రంగంలో ప్రపంచమంతా ఇప్పటికీ తలుచుకునే పని అది. ఈరోజుకీ మన సైన్యంలో పద్ధతి ఏమిటంటే, 9,000 నుంచి 12,000 అడుగుల మధ్యకి చేరిన జవానుకి ఆరు రోజులు సర్దుబాటు, అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, తర్వాత మెల్లగా నడక. 15,000 అడుగుల దాకా పోవాలంటే ఇంకో నాలుగు రోజులు, ఆ పైకి మరో నాలుగు. ఇరవై రెండేళ్ల జవానుకి ఆరు రోజులిచ్చేవాళ్లు ఉన్న ఊళ్లోనే, అరవై దాటిన మా బావకి ఏజెంటు ఇచ్చింది ఒక్క మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం కూడా వదల్లేదు, సాయంత్రం శాంతి స్తూపం చూడాలని లాక్కెళ్లాడు.

ఏజెంట్లని మాత్రమే తిట్టి లాభం లేదనుకోండి. రెండు రాత్రులు పెంచితే రేటు పెరుగుతుంది, మనం పక్క ఏజెంటు దగ్గరికి పోతాం. మా అల్లుడికి దొరికిందే ఆరు రోజుల సెలవు, వాడే 'లేహ్‌లో ఊరికే రెండు రోజులు పడుకోవడం ఎందుకు మామయ్యా, డబ్బు దండగ' అన్నాడు. నేను కూడా తలూపాను. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనవాళ్లకేం తక్కువ అని కారులో ఒకరం అన్నాం కూడా. ఆ పిల్ల భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది, ఎవరెస్ట్ దగ్గర కూడా వారాల తరబడి ఎత్తుకి అలవాటు పడ్డాకే శిఖరం మీదికి పోయిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కేదార్‌నాథ్ కూడా ఇదే వరస. 3,583 మీటర్లు. లోయలోంచి హెలికాప్టర్ ఎక్కితే పది నిమిషాల్లో దిగుతారు. దర్శనం చేసుకుని గంటలో వెనక్కి వస్తే సాధారణంగా ఏమీ కాదు, వాతావరణం బాగాలేక రాత్రి అక్కడే ఉండిపోతే మాత్రం లేహ్ కథే. మన వైపు నుంచి వెళ్లేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది కూడా రాస్తున్నా.

నేను మీ పత్రికని అడిగేది చిన్న పని. ఇలాంటి ప్రయాణ వ్యాసం వేసినప్పుడు, ప్యాకేజీ ప్రకటన వేసినప్పుడు కూడా, ప్రతి రాత్రి పక్కన పడుకునే చోటు ఎత్తు మీటర్లలో అచ్చు వేయండి. లేహ్ 3,500, హుందర్ 3,100, పాంగాంగ్ 4,200 అని మూడు అంకెలు. చదివినవాడికి సైన్సు రాకపోయినా పర్లేదు, వెయ్యి మీటర్ల గెంతు కళ్లకి కనబడుతుంది. హోటల్ స్టార్లు వేస్తున్నారు, భోజనంలో పనీర్ ఉందా లేదా వేస్తున్నారు, ఈ అంకెకి చోటు లేకపోదు కదా. లేహ్‌లో మొదటి రెండు రాత్రులు ఊరు దాటొద్దని ఒక వాక్యం, పొడి దగ్గూ ఆయాసమూ కలిసి వస్తే ఆ రాత్రే ఆక్సిజన్ పెట్టించి కిందికి దించాలని ఇంకో వాక్యం.

బావ బాగున్నాడు, చెరువు కట్ట మీద నడక మళ్లీ మొదలెట్టాడు. వచ్చే ఏడాది మళ్లీ లద్దాఖ్ అంటున్నాడు, ఈసారి విమానం వద్దట, మనాలి నుంచి రోడ్డు మీద మెల్లగా పోతే ఒళ్లు అలవాటు పడుతుందని ఎవరో చెప్పారట. నిన్న కూర్చోబెట్టి మ్యాపు చూపించాను. మనాలి 2,050 మీటర్లు. చాలా ప్యాకేజీల్లో రాత్రి బస సర్చులో, 4,200 మీటర్ల పైన, అంటే పాంగాంగ్ ఎత్తే. శ్రీనగర్ నుంచి అయితే కార్గిల్‌లో 2,700 లోపే పడుకోవచ్చు, అదైతే ఒప్పుకుంటానన్నాను. సరే శ్రీనగర్ అన్నాడు. అక్క ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
హనుమకొండ